డబ్బా మీద పడ్డ నింద

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో కేబుల్ కనెక్షన్లు నడిపేవాళ్ల ఫోన్లకు సాయంత్రం ఏడు దాటితే తీరిక ఉండదు. సీరియల్ మొదలయ్యే వేళకో, క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లకో మోగే ఆ ఫోన్లలో మాట దాదాపు ఒకటే: "అన్నా, డబ్బా ఖరాబైంది. కొత్తది తెచ్చియ్యి." ఇంట్లో సెల్‌ఫోన్లలో వాట్సాప్ నడుస్తూనే ఉంటుంది. పిల్లలు వీడియోలు చూస్తూనే ఉంటారు. టీవీ కింద పెట్టిన డబ్బా మాత్రం నెట్‌వర్క్ లేదని తెర మీద రాసి ఊరుకుంటుంది. అందరికీ నెట్ వచ్చి తనొక్కదానికే రానప్పుడు తప్పు డబ్బాదేనని ఎవరికైనా అనిపిస్తుంది.

వైరుతో నెట్ అందుకునే డబ్బాల సంగతిలో ఈ అనుమానం చాలాసార్లు నిలబడదు. డబ్బా పాడవదని కాదు. అనుమానించాల్సిన వాటి వరుసలో దాని పేరు చివరన రావాలి. దానికి ముందు ఒక లాన్ వైరుంది, దాని రెండు కొసలకు రెండు జాక్‌లున్నాయి, అవి కూర్చునే సాకెట్లున్నాయి, అవతలి గోడకు ఇంకో డబ్బా ఉంది. పది రూపాయల జాక్ చేసిన తప్పుకు వేల రూపాయల డబ్బాను మార్చడం అన్యాయం. పైగా చాలామంది ఆపరేటర్లు ప్రతి టీవీ డబ్బా నంబరునూ తమ సర్వర్‌లో రాసి పెట్టుకుంటారు. ఆ నంబరుకే ఛానళ్లు వదులుతారు. బజారులో కొన్న కొత్త డబ్బా తెచ్చి తగిలిస్తే, పాత చిక్కు అలాగే ఉండి దాని మీద కొత్త చిక్కు చేరుతుంది.

అసలు టీవీకి వైరెందుకు, వైఫై ఉండగా? ఈ ప్రాంతపు ఇళ్లను చూస్తే జవాబు దొరుకుతుంది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలోనూ, వనపర్తి పాతబస్తీలోనూ రాతిగోడల ఇళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. మట్టి, రాయి కలిపి కట్టిన ఆ గోడలు ఎండాకాలం ఇంటిని చల్లగా ఉంచుతాయి, వైఫైని మాత్రం గడప దాటనివ్వవు. వనపర్తిలో రాజావారి భవనంలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. ఆ గోడల మందం చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. కొత్త స్లాబు ఇళ్లలో ఇనుప చువ్వల బెడద వేరు. వైఫైలో వేగంగా పోయే 5 గిగాహెర్ట్జ్ తరంగం గోడకు తట్టుకోలేదు. గోడ దాటగలిగే 2.4 గిగాహెర్ట్జ్ తరంగంలో పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఫోనులో బొమ్మ రెండు క్షణాలు ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు. టీవీలో వికెట్ పడే క్షణాన బొమ్మ ఆగితే ఇల్లు ఊరుకోదు. అందుకే తెలిసిన ఆపరేటర్ టీవీ డబ్బాకు వైరు లాగుతాడు.

పాలమూరు పల్లెల్లోకి టీవీ రావడమే విచిత్రంగా వచ్చింది. అది కేబుల్ మీదా రాలేదు, ఊరి దగ్గరి టవరు నుంచీ రాలేదు. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31 దాకా సాగిన సైట్ ప్రయోగంలో అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి కార్యక్రమాలు నేరుగా పల్లెలకు దిగాయి. దేశంలో ఆరు రాష్ట్రాలు, 2400 గ్రామాలు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో పాలమూరని పిలిచే మహబూబ్‌నగర్ ఒకటి. ఈనాటి ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న ఆ పెద్ద జిల్లా నుంచి విడివడినవే. సెట్లు తయారు చేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. సుమారు మూడు మీటర్ల వెడల్పున కోళ్ల గూటికి వాడే ఇనుప జాలీతో చేసిన గిన్నె యాంటెన్నా పెట్టి బొమ్మ పట్టారు. అప్పుడు బొమ్మ రాకపోతే పైకి చూసేవాళ్లు. ఇప్పుడు వంగి కిందికి చూడాలి. నెట్ నేలలోంచి వస్తోంది మరి.

నేలలోంచి అన్నది ఉత్త మాట కాదు. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీళ్ల పైపుల కోసం కాలువలు తవ్వినప్పుడే పక్కన ఫైబర్ గొట్టాలు కూడా పడుకోబెట్టారు. ఒకసారి తవ్విన మట్టికి రెండు పనులు. టీ-ఫైబర్ సంస్థ దారం అలా ఊళ్లకు చేరింది. 2024 డిసెంబరులో రాష్ట్రంలోని ఓ మూడు జిల్లాల్లో ప్రయోగాత్మకంగా ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చినప్పుడు అందులో పక్కనే ఉన్న నారాయణపేట జిల్లా మద్దూరు కూడా ఉంది. టీవీనే కంప్యూటర్‌గా వాడుకునే వీలు ఇస్తామన్నది ఆ పథకంలో చెప్పిన ఆకర్షణ. తుంగభద్ర అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైంది. అప్పట్లో నెలకు 149 రూపాయలకు టీవీ, నెట్, ఫోన్ మూడూ ఒకే దారం మీద వచ్చేవి. ఇవిగాక బీఎస్ఎన్ఎల్ ఫైబరు, ప్రైవేటు కంపెనీల ఫైబరు, ఊరి కేబుల్ అతని ఫైబరు. పేర్లు ఎన్నున్నా ఇంట్లోకి వచ్చేసరికి కథ ఒకటే: కరెంటు స్తంభాల మీదుగా ఒక సన్నని నల్ల దారం వస్తుంది, గోడకు బిగించిన తెల్ల డబ్బాలో దిగుతుంది. ఆ తెల్ల డబ్బా పేరు ఓఎన్‌టీ. జనం దాన్ని వైఫై డబ్బా అంటారు, మోడెం అంటారు. వెలుగు రూపంలో వచ్చినదాన్ని విద్యుత్తుగా మార్చి ఇంటికి పంచేది అదే. దాని వెనక నుంచే లాన్ వైరు బయలుదేరి టీవీ డబ్బాలో ముగుస్తుంది.

తప్పు వెతికే పని ఇక్కడ మొదలుపెట్టాలి, టీవీ దగ్గర కాదు.

తెల్ల డబ్బా ముఖాన వరుసగా లైట్లుంటాయి. పాన్ అని రాసినది ఆకుపచ్చగా నిలకడగా వెలుగుతుంటే ఫైబర్ బాగున్నట్టు. లాస్ అని రాసినచోట ఎర్ర లైటు కొట్టుకుంటుంటే వెలుగు ఇంటిదాకా రావడం లేదు. అప్పుడు ఫోన్లకు కూడా నెట్ ఉండదు. టీవీ డబ్బా ఊసెత్తనక్కర్లేదు. ఆ దశలో ఇంటివాళ్లు చేయగలిగింది ఒక్కటే. దారం ఎక్కడైనా తలుపు సందులో నలిగిందా, బీరువా వెనక మడతపడిందా అని చూడటం. ఫైబర్ అంటే గాజు. వేలు చుట్టుకొలతలో గట్టిగా వంచితే వెలుగు పక్కకు కారిపోతుంది. ఆ కొసను ఊడదీసి కన్నుపెట్టి చూడటం మాత్రం తగని పని. అందులో నడిచేది కంటికి కనబడని లేజర్. వెలుగు కనబడలేదు కాబట్టి ఏమీ లేదనుకోవడం ప్రమాదం.

ఫైబర్ ఎందుకు తెగుతుందంటే ఈ జిల్లాల్లో కారణాలు కళ్లముందే ఉంటాయి. రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ పన్ను తగిలి తెగుతుంది. పత్తి లారీనో గడ్డి ట్రాక్టరో కిందికి వేలాడే దారాన్ని ఈడ్చుకుపోతుంది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల అంచు ఊళ్లలో కోతులు దాన్ని ఊయల చేసుకుంటాయి. వీటికి ఇంట్లో మందు లేదు. ఆపరేటర్ పవర్ మీటరు తెచ్చి కొలవాలి. అందిన వెలుగు మైనస్ 27 డీబీఎం కన్నా కిందికి పడితే ఓఎన్‌టీ తట్టుకోలేదు. మైనస్ 20 దగ్గర ఉంటే నిశ్చింత.

ఇక పాన్ లైటు పచ్చగా ఉంది, ఫోన్లలో నెట్ ఉంది, టీవీ డబ్బాకే లేదనుకుందాం. ఈ ప్రసంగానికి అసలు సరుకు ఇదే.

లాన్ వైరు గుచ్చిన సాకెట్ దగ్గర చిన్న లైట్లుంటాయి. కొన్ని మోడళ్లలో ముఖం మీద లాన్ 1, లాన్ 2 అని ఉంటాయి. వైరు గుచ్చగానే ఆ లైటు వెలగాలి, డేటా నడుస్తుంటే మిణుకుమిణుకుమనాలి. వెలిగితే రెండు డబ్బాలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయని అర్థం. వెలగకపోతే డబ్బా సెట్టింగుల్లోకి వెళ్లి గంటలు గడపడం దండగ. తప్పు వైరులో ఉంది, జాక్‌లో ఉంది, లేదా సాకెట్‌లో ఉంది. తేల్చుకోవడానికి ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. ముందు రెండు కొసలనూ తీసి, టిక్కుమని చప్పుడొచ్చేలా మళ్లీ గుచ్చాలి. జాక్‌కు ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి ఉంటే అది లోపల కూర్చున్నట్టే కనిపించి జారిపోతుంటుంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా చాలు. తర్వాత ఓఎన్‌టీలో పక్క సాకెట్‌కు మార్చి చూడాలి. ఆ తర్వాత వేరే వైరు. చిన్న రెడీమేడ్ ముక్క ఒకటి ఇంట్లో ఉంచుకుంటే, టీవీ డబ్బానే ఎత్తుకొచ్చి ఓఎన్‌టీ పక్కన పెట్టి ఆ ముక్కతో కలిపి చూడొచ్చు. అక్కడ లైటు వెలిగిందంటే డబ్బా నిర్దోషి, గోడ వెంట పాకిన పొడుగు వైరే దొంగ. అక్కడ కూడా వెలగలేదంటే అప్పుడు డబ్బా మీద కేసు పెట్టొచ్చు. వైరూ, పోర్టూ, డబ్బా మూడూ ఒకేసారి మార్చి బాగుచేశానని వెళ్లిపోయే కుర్రాడు ఏది పాడైందో తానే చెప్పలేడు. వచ్చే నెల మళ్లీ అదే కథ.

ఆ పొడుగు వైరు లోపల ఏముందో చూస్తే చాలా చిక్కులు విడతాయి. అందులో ఎనిమిది సన్నని తీగలు నాలుగు జతలుగా మెలికపడి ఉంటాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ఒక్కో రంగుకు చారల తెల్ల తీగ తోడు. రెండు తీగలను మెలిపెడితే బయటి రొద రెండింటి మీదా సమానంగా పడి తనను తాను కొట్టేసుకుంటుందని 1881లోనే అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేటెంటు తీసుకున్నాడు. ఫోను తీగల్లో పక్క లైను మాటలు వినబడే బాధకు ఆయన కనిపెట్టిన ఉపాయం అది. బాబ్ మెట్‌కాఫ్ 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో ఈథర్నెట్‌ను ఊహించింది మందపాటి ఒంటి కేబుల్ మీద. 1990లో ఆ ఈథర్నెట్ మెలిక తీగల మీదికి దిగింది. 1995లో సెకనుకు 100 మెగాబిట్లు, 1999లో అదే తీగ మీద వెయ్యి మెగాబిట్లు వచ్చాయి. ఇంత దూరం తెచ్చింది ఆ మెలికే.

జాక్‌లో ఈ ఎనిమిది తీగలు వరుసగా కూర్చుంటాయి. మన దగ్గర వాడే వరుస ఇది: తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ. పచ్చ జతను విడదీసి మధ్యలో నీలం జతను కూర్చోబెట్టడం కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. గద్వాల మగ్గాల మీద నూలు చీరకు పట్టుకొంగు అతికేవాళ్లకు మాత్రం తోచదు. ఏ పోగు పక్కన ఏ పోగు పడాలో ముందే నిర్ణయమై ఉంటుంది, చూపుకు బాగుందని మార్చడానికి లేదు. 100 మెగాబిట్ల వేగానికి ఒకటి, రెండు, మూడు, ఆరు స్థానాల్లోని నాలుగు తీగలే చాలు. అంటే నారింజ, పచ్చ జతలు. వెయ్యికి ఎనిమిదీ కావాలి. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలా వింతలు అర్థమవుతాయి. గోధుమ తీగ ఒకటి తెగితే నెట్ పోదు, వేగం వెయ్యి నుంచి వందకు దిగుతుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. నారింజ తీగ తెగితే లైటే వెలగదు.

దీనికన్నా మోసకారి తప్పు ఇంకొకటుంది. నేర్చుకుంటున్న కుర్రాడు రంగులన్నీ జతలు జతలుగా, నారింజ పక్కన పచ్చ, పచ్చ పక్కన నీలం అంటూ చక్కగా పేర్చి, రెండు కొసల్లోనూ అలాగే నొక్కేస్తాడు. క్రింపింగ్ టూల్ నొక్కాక టెస్టర్‌లో పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ వరుసగా వెలుగుతాయి. "సక్కగున్నది కాకా" అని వెళ్లిపోతాడు. టెస్టర్‌కు కావాల్సింది తీగ ఈ కొస నుంచి ఆ కొసకు చేరిందా లేదా అన్నదే. డేటాకు కావాల్సింది మూడో స్థానపు తీగ, ఆరో స్థానపు తీగ ఒకే మెలికలో ఉండటం. కుర్రాడు పేర్చిన వరుసలో అవి వేర్వేరు మెలికల్లో పడ్డాయి. బెల్ ఉపాయం అక్కడ పనిచేయడం మానేస్తుంది. రెండు మీటర్ల వైరైతే ఎలాగో నెట్టుకొస్తుంది. ఇరవై మీటర్ల వైరులో లైటు వెలుగుతుంది, ఆరుతుంది. ఛానల్ వస్తుంది, గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. ఒక సాయంత్రం బాగుంటుంది, మరో సాయంత్రం ఉండదు. ఇంటివాళ్లు డబ్బాను తిడతారు, ఆపరేటర్ సర్వర్‌ను తిడతాడు. పారదర్శకంగా ఉండే జాక్‌ను వెలుతురులో పట్టుకుని రంగులు చదివితే నిమిషంలో బయటపడే తప్పు ఇది. చత్వారం వచ్చినవాళ్లు సెల్‌ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడొచ్చు.

అతుకుల సంగతి కూడా చెప్పుకోవాలి. ముప్పై ఏళ్లుగా డిష్ వైరుతో అలవాటైన చేతులు మనవి. డిష్ వైరు తెగితే మధ్య రాగి తీగను మెలిపెట్టి, పైన జాలీ చుట్టి, నల్ల టేపు వేస్తే బొమ్మ వచ్చేది; కాస్త మచ్చలు పడ్డా వచ్చేది. లాన్ వైరు ఆ మర్యాదను ఒప్పుకోదు. ఎనిమిది తీగలను విప్పి, మెలికలు పోగొట్టి, రంగుకు రంగు కలిపి టేపు చుట్టిన అతుకు వానాకాలం తేమకు నెల తిరక్కుండా నల్లబడుతుంది. తప్పనిసరైతే రెండు జాక్‌లను కలిపే కప్లర్ దొరుకుతుంది, అది వాడాలి. లేదంటే కొత్త వైరే లాగాలి. కొనేటప్పుడు ఒక మాట అడగాలి: రాగియేనా, రాగి పూత పూసిన అల్యూమినియమా? రెండోది చవక, తేలిక. వంచితే విరుగుతుంది, జాక్ కత్తుల కింద నలిగి పట్టు వదిలేస్తుంది. కొస గీరి చూస్తే లోపల తెల్లగా కనబడుతుంది. చవకగా వస్తోందని ఇల్లంతా దాన్నే లాగించడం అంత మంచి బేరం కాదు.

పల్లీల సీజన్లో ఎలుకల పని ఎక్కువ. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల మూడూ వేరుశనగ పండించే నేలలే. మూటలు పెట్టిన గదిలోంచి వైరు పోతే పళ్లు నూరుకోవడానికి అదే దొరుకుతుంది. మూటల వెనక, నేలకు ఆనించి వైరు వేయకుండా, గోడకు పైఎత్తున ప్లాస్టిక్ పైపులో వేయించడం ఒక్కటే దారి. ఆ పైపులో కరెంటు వైరు మాత్రం కలపకూడదు. కరెంటు వైరును జానెడు దూరంలో ఉంచి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి. లాన్ వైరు పొడవుకు హద్దు 100 మీటర్లు. ఇళ్లలో అంత అవసరం రాదు. కానీ వీధి చివరి అన్న ఇంటి నుంచి తమ్ముడి ఇంటికి మిద్దెల మీదుగా వైరు లాక్కునేవాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి కాసేపట్లో వస్తుంది.

లైటు చక్కగా వెలుగుతోంది, అయినా టీవీ తెర మీద నెట్ లేదు. ఇప్పుడు సెట్టింగులు తెరవొచ్చు. నెట్‌వర్క్ అనే చోట ఐపీ అడ్రసు అని ఉంటుంది. ఇంటి రౌటర్, అంటే చాలా ఇళ్లలో ఆ ఓఎన్‌టీయే, ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇస్తుంది. సాధారణంగా అది 192.168 తో మొదలవుతుంది. 169.254 తో మొదలైతే రౌటర్ నుంచి నంబరు అందలేదని, డబ్బా తానే ఏదో పెట్టేసుకుందని గుర్తు. అప్పుడు రెండు డబ్బాలకూ కరెంటు తీసి మళ్లీ వేయడం పనికొస్తుంది, అయితే వరుస తప్పకూడదు. ముందు ఓఎన్‌టీ ఆపి, మళ్లీ వేసి, లైట్లు కుదురుకునేదాకా రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఆ తర్వాతే టీవీ డబ్బా. రెండూ ఒకేసారి వేస్తే నంబరు అడిగేవాడు ముందు లేస్తాడు, ఇచ్చేవాడు ఇంకా నిద్రలో ఉంటాడు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టీవీకి నెట్ రావడం లేదనేవాళ్ల ఇళ్లలో తరచూ జరిగేది ఇదే.

కొన్నిచోట్ల చిక్కు పోర్టుది. ఆపరేటర్ ఛానళ్లను మామూలు నెట్‌తో కలపకుండా వేరే బాటలో పంపుతుంటే, ఆ బాట ఓఎన్‌టీలో ఒక పోర్టుకే ముడిపెట్టి ఉంటుంది. నాలుగు సాకెట్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. దీపావళికి ఇల్లు సున్నం వేసేటప్పుడు వైర్లన్నీ పీకి, తర్వాత ఏదో ఒక సాకెట్‌లో గుచ్చేస్తారు. యూట్యూబ్ వస్తుంది, ఛానళ్లు రావు. మొదట కనెక్షన్ ఇచ్చినరోజే ఆ సాకెట్ పక్కన స్కెచ్ పెన్నుతో టీవీ అని రాసి పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

సొంతంగా రెండో రౌటర్ కొని తగిలించిన ఇళ్ల కథ ఇంకో తీరు. పై అంతస్తులో వైఫై అందడం లేదని పాత రౌటర్ ఒకటి తెచ్చి, వైరును దాని వాన్ సాకెట్‌లో కాక లాన్ సాకెట్‌లో గుచ్చుతారు. ఇప్పుడు ఇంట్లో నంబర్లు ఇచ్చేవాళ్లు ఇద్దరు. టీవీ డబ్బా ఒకరోజు ఒకరి దగ్గర తీసుకుంటుంది, మరోరోజు ఇంకొకరి దగ్గర. రెండో రౌటర్‌లో నంబర్లు పంచే డీహెచ్‌సీపీ పనిని ఆపేస్తే సరిపోతుంది. నెట్‌వర్క్ స్విచ్చి పెట్టుకున్న ఇళ్లలో ఖాళీగా వేలాడుతున్న వైరు కొసను పిల్లలెవరో అదే స్విచ్చిలో గుచ్చితే మరీ ఘోరం. డేటా గుండ్రంగా తిరుగుతూ పెరిగి ఇల్లంతా నెట్ స్తంభిస్తుంది, స్విచ్చి లైట్లన్నీ ఒక్కసారే పిచ్చిగా మెరుస్తాయి. ఆ వైరు పీకగానే అంతా మామూలే.

నంబరు వచ్చింది, అయినా ఓ యాప్ తెరుచుకోదు. డబ్బాలో తేదీ చూడాలి. చాలా చౌక డబ్బాల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే ఎప్పటిదో పాత తేదీ చూపిస్తాయి. యాప్‌ల సర్వర్లు తమ గుర్తింపు పత్రాలను తేదీతో సహా చూపుతాయి. పాత తేదీలో బతికే డబ్బాకు ఆ పత్రాలు చెల్లవు. తేదీ సరిచేస్తే తలుపు తెరుచుకుంటుంది.

ఇప్పుడు మిద్దెల మీద వైరు సంగతి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంకాలపు గాలివానలు, పిడుగులు ఈ జిల్లాలకు మామూలే. ఫైబర్ గాజు కాబట్టి పిడుగు విద్యుత్తు దాని వెంట రాదు. దానికి ఊతంగా ఉండే ఉక్కు తీగ, బయట వేలాడే లాన్ వైరు మాత్రం మోస్తాయి. ఈథర్నెట్ సాకెట్ లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 1500 వోల్టుల దాకా ఆపగలిగేలా చేసినది. దగ్గర్లో పిడుగు పడితే వైరులో పుట్టే తాకిడి ఆ హద్దును సులువుగా దాటుతుంది. రెండు ఇళ్ల ఎర్తింగులు వేర్వేరు కావడంతో ఆ పొడుగు వైరు రెంటికీ వంతెన అవుతుంది, అటు డబ్బా, ఇటు రౌటర్ రెండూ పోతాయి. ఇంటి నుంచి ఇంటికి నెట్ కావాలంటే ఫైబరే లాగాలి. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గుతోపాటు లాన్ జాక్ కూడా తీయాలి. చాలామంది ప్లగ్గు తీసి జాక్ వదిలేస్తారు. పిడుగు తర్వాత ఒక్క సాకెట్ లైటే చచ్చిపోయి మిగతావి బాగుంటే, ఆపరేటర్ టీవీ బాటను పక్క పోర్టుకు మార్చి ఇవ్వగలడు. ఓఎన్‌టీ మొత్తం మార్చనక్కర్లేదు. ఎడాప్టర్లను కలగాపులగం చేయడం కూడా డబ్బాల ప్రాణం తీస్తుంది. ఐదు వోల్టుల టీవీ డబ్బాలో ఓఎన్‌టీ తాలూకు పన్నెండు వోల్టుల పిన్ను చక్కగా పడుతుంది. అదే దాని ఆఖరి రోజు కావొచ్చు.

వేగం గురించి ఒక చిన్న మాట. వైరు పెట్టినా టీవీలో స్పీడ్ టెస్టు 95 దాటడం లేదని కొందరు గాబరా పడతారు. చాలా టీవీల్లో, చౌక డబ్బాల్లో సాకెట్ 100 మెగాబిట్లకే తయారైంది. తప్పు ఎవరిదీ కాదు. 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 మెగాబిట్లే. వైఫైలో 200 చూపించి నడుమ నడుమ సున్నాకు పడే నెట్‌కన్నా, కదలకుండా 95 ఇచ్చే వైరు టీవీకి మేలు. టీవీకి గుచ్చే, లాన్ సాకెట్టే లేని స్టిక్కులకు ఈథర్నెట్ ఎడాప్టర్ విడిగా దొరుకుతుంది, అది స్టిక్కు మోడల్‌కు సరిపోతుందో లేదో అడిగి కొనాలి.

ఇన్ని చూశాక కూడా ఆపరేటర్‌కు ఫోను చేయాల్సే రావొచ్చు. "అన్నా, పాన్ లైటు పచ్చగున్నది. ఫోన్లల్ల నెట్ వస్తున్నది. టీవీ పోర్టుల లైటు ఎలుగుతలేదు. చిన్న వైరు పెడితే ఎలుగుతున్నది" అని చెప్పగలిగితే, వచ్చే కుర్రాడు డబ్బా కాక జాక్‌లు, క్రింపింగ్ టూల్ తెచ్చుకుంటాడు. పాత జాక్ కోసేటప్పుడు వైరు కొంచెం పొట్టిదవుతుంది, కాబట్టి టీవీ వెనక ఒక మూర వైరు చుట్టగా వదిలించుకోవాలి. కొత్త జాక్ నొక్కేముందు రంగుల వరుస ఫోటో ఒకటి తీసి పెట్టుకోవాలి. నొక్కాక టెస్టర్‌లో ఎనిమిది లైట్లు చూపించి బండెక్కబోతే, ఆ తమ్ముణ్ని కాసేపు కూర్చోబెట్టి, ఛాయ్ ఇచ్చి, టీవీలో ఏదైనా ఛానల్ పెట్టించి, ఛాయ్ అయిపోయేదాకా బొమ్మ ఆగకుండా నడిచాకే పంపాలి.